దారుల్ తర్జుమా నుంచి యం.బి.ఏ. తరగతి వరకు

మన ఇళ్ళలో పిల్లవాడు డిగ్రీ పాసయ్యాడంటే వాడకట్టంతా మిఠాయి పంచుతాము. ఆ తర్వాత ఏం చదివించాలి అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరైనా యం.బి.ఏ. మాట ఎత్తితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి: "అది ఇంగ్లీషు కాన్వెంటు పిల్లల చదువు, మన ఉర్దూ మీడియం వాళ్ళకు అందదు." రెండవది: "వ్యాపారం చేసుకునేవాడికి చదువు దేనికి? మా తాతకు ఏ డిగ్రీ ఉంది? గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే అదే వస్తుంది."

ఈ రెండు మాటలూ మనలను చాలా నష్టపరిచాయని నా అభిప్రాయం. అభిప్రాయం చెప్పి ఊరుకుంటే ఎవరూ ఒప్పుకోరు. కనుక చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం.

హిసాబ్ కితాబ్ మనకు కొత్త కాదు

మన ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) యౌవనంలో హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) గారి సరుకు తీసుకొని సిరియా వైపు వర్తకానికి వెళ్ళిన సంగతి చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఇందులో పెద్దలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటి ఉన్నది. పెట్టుబడి పెట్టినది ఒక స్త్రీ. పని చేసేవారిని ఎంచి, సరుకు అప్పగించి, వచ్చాక లెక్క చూసుకొన్నదీ ఆమే. ఒకరి డబ్బు, ఒకరి శ్రమ, ముందుగా అనుకున్న వాటా ప్రకారం లాభం పంచుకోవడం, నష్టం వస్తే డబ్బు గలవాడు భరించడం: ఈ పద్ధతికి మన ఫిఖా గ్రంథాలలో ముజారబత్ అని పేరు. ఈనాడు మేనేజిమెంటు తరగతులలో పెట్టుబడిదారుకీ, నిర్వాహకునికీ మధ్య ఒప్పందం ఎట్లా ఉండాలి అని పాఠం చెబుతారు. ఆ పాఠానికి మూలం మన ఇంట్లోనే ఉన్నది.

ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదని అడిగితే చాలామంది నమాజు గురించో, రోజా గురించో అయి ఉంటుందనుకుంటారు. కాదు. సూరయె బఖరాలోని 282వ ఆయత్ అది. అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు పత్రం రాసుకోవాలి, సాక్షులను పెట్టుకోవాలి అని చెప్పే ఆయత్. నోటి మాట మీద వ్యాపారం చేసి, అన్నదమ్ములు కోర్టుల పాలయ్యే మన వాడకట్టులలో ఈ ఆయత్‌ను ఎంతమంది ఆచరిస్తున్నారో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

14వ శతాబ్దంలో ట్యూనిస్ నగరంలో పుట్టిన ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమా గ్రంథాన్ని 1377లో రాశాడు. పన్నులు మితిమీరి పెంచితే పనిచేసేవారికి ఉత్సాహం పోయి ఖజానాకు వచ్చే రాబడి చివరకు తగ్గుతుందని అందులో వివరించాడు. ఈనాటి ఆర్థిక శాస్త్రవేత్తలు కూడా ఆయన పేరు తలచుకుంటారు.

ఇక మన దక్కనుకు వద్దాం. 1853లో మొదటి సాలార్‌జంగ్ హైదరాబాదు దివాన్ అయినప్పుడు ఆయన వయస్సు 24 ఏళ్ళు. ఇప్పటి యం.బి.ఏ. విద్యార్థి వయస్సే అనుకోండి. ఖజానా ఖాళీ. సాహుకార్ల అప్పులు. జీతాలు అందని అరబ్బు, రోహిల్లా సిపాయీలు. అదే సంవత్సరం అప్పు కింద బీరారు బ్రిటిషువారి చేతికి పోయింది. శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో ఉండేది. వాళ్ళు రైతు దగ్గర ఎంత పిండారో సర్కారుకు తెలియదు. సాలార్‌జంగ్ గుత్త పద్ధతిని తీసివేస్తూ, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను నియమించాడు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విభజించాడు. ఎవరి పని ఏది, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది తేల్చాడు. సమర్థులైనవారు ఎక్కడ ఉన్నా పిలిపించాడు. అలీగఢ్ ఉద్యమంలో సర్ సయ్యద్ గారి కుడిభుజంగా ఉన్న మొహసినుల్ ముల్క్ ఆ విధంగా హైదరాబాదు కొలువుకు వచ్చినవారే. మేనేజిమెంటు అనే మాట అప్పుడు ఇక్కడ ఎవరూ వాడలేదు. పని మాత్రం అదే.

కాబట్టి వ్యాపార నిర్వహణ మన రక్తంలో ఉన్నదా అంటే ఉన్నది. కాని రక్తంలో ఉన్నంత మాత్రాన సరిపోతుందా? సాలార్‌జంగ్ కూడా తన అనుభవం ఒక్కదానితో ఆగలేదు. ఆయన హయాంలోనే 1850లలో హైదరాబాదులో దారుల్ ఉలూమ్ పాఠశాల వెలసింది. రాజ్యం నడపాలంటే చదువుకున్నవారు కావాలని ఆయనకు తెలుసు.

1917 నాటి ఫర్మానా

ఇప్పుడు "ఉర్దూ మీడియం వాళ్ళకు అందదు" అనే మాట సంగతి చూద్దాం.

1917 ఏప్రిల్ 26న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక ఫర్మానా జారీ చేశారు. ఉర్దూ బోధనాభాషగా ఒక విశ్వవిద్యాలయం స్థాపించాలని దాని సారాంశం. ఈ ఆలోచనను కాగితం మీద పెట్టి ఒప్పించినవారు సర్ అక్బర్ హైదరీ. ఆ రోజుల్లో భారతదేశంలో విశ్వవిద్యాలయం అంటే ఇంగ్లీషే. దేశభాషలో పై చదువులు సాధ్యమా అని నవ్విన వారెందరో.

నిజానికి అడ్డంకి చిన్నది కాదు. పుస్తకాలే లేవు. అందుకని అదే 1917లో దారుల్ తర్జుమా, అనగా అనువాద శాఖ ఏర్పడింది. దానికి మొదట మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు నాయకత్వం వహించారు. బాబాయె ఉర్దూ అని లోకం పిలిచేది ఆయననే. చరిత్ర, గణితం, భౌతిక శాస్త్రం, న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు, ఇట్లా ఒక్కొక్క శాస్త్రానికి పుస్తకాలు అనువదించారు. ప్రతి ఇంగ్లీషు పదానికి ఉర్దూ పదం కట్టాలా, ఉన్నది ఉన్నట్టు వాడుకోవాలా అని పండితులు గంటల తరబడి వాదించుకునేవారు. అర్థశాస్త్రం బోధించిన ఇలియాస్ బర్నీ గారు ఉర్దూలో ఆ శాస్త్రం మీద స్వయంగా గ్రంథం రాశారు.

1919 ఆగస్టు 28న ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. సొంత భవనం లేదు. అద్దె ఇళ్ళలో తరగతులు. ఇప్పుడు మనం ఫోటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాదిరాయి వేస్తే, 1939 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. అంటే మొదటి ఇరవై ఏళ్ళూ ఆ మహాభవనం లేకుండానే చదువు సాగింది. భవనం లేదు, బెంచీలు లేవు అని చదువు వాయిదా వేసుకొనే మన సంఘాలు గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

ఉర్దూలో చదివిన వాళ్ళు బయట ప్రపంచంలో నెగ్గారా? ఒక్క ఉదాహరణ చెబుతాను. హైదరాబాదులో 1908లో పుట్టిన రజీయుద్దీన్ సిద్దీఖీ గారు ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో గణితం చదివారు. అక్కడినుంచి కేంబ్రిడ్జికి వెళ్ళారు. ఆ పైన జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్ళి, నోబెల్ బహుమతి పొందిన హైసెన్‌బర్గ్ వంటి మహామహుని దగ్గర డాక్టరేటు చేశారు. ఉర్దూలో లెక్కలు నేర్చిన బుర్ర ఇంగ్లీషులోను, జర్మనులోను తడబడలేదు.

ఇంకొకరు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు. ఈయన కూడా ఉస్మానియా విద్యార్థే. ఐరోపా భాషలలో ఇస్లామీ చరిత్ర, న్యాయశాస్త్రాల మీద ఎన్నో గ్రంథాలు రాసిన పండితుడు. హైదరాబాదులో వడ్డీ లేకుండా అప్పులిచ్చిన సహకార సంఘాలు ఎట్లా నడిచాయో కూడా ఆయన రాశారు. సంక్షేమ సంఘం నడిపేవారికి ఇది ఎంత దగ్గరి విషయమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. ఉస్మానియాలో బోధన ఉర్దూలో జరిగినా ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది. ఆ పెద్దలు ఇంగ్లీషును వదిలిపెట్టలేదు. విషయం సొంత భాషలో అర్థం చేసుకో, దానితోపాటు ప్రపంచ భాష కూడా నేర్చుకో అన్నారు. మనం ఆ రెండో భాగాన్ని మరచిపోయి మొదటి భాగాన్ని మాత్రమే తలచుకుంటున్నాము.

నిచ్చెన తీసివేసిన తర్వాత

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. కొద్దికాలంలోనే ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు బోధనాభాష అయ్యింది. దీని మంచిచెడ్డల వాదన ఇప్పుడు అనవసరం. సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలే ఎక్కువమంది. వాళ్ళ పిల్లలు ఉర్దూలో చదవవలసి రావడం వాళ్ళకూ కష్టమే. న్యాయంగా ఆలోచిస్తే ఈ మాట మనం ఒప్పుకోవాలి.

కాని ఫలితం ఏమైంది? కింద ఉర్దూ మీడియం బడులు అట్లాగే ఉన్నాయి. పైన ఉర్దూలో విశ్వవిద్యాలయం లేదు. నిచ్చెనకు కింది మెట్లు ఉన్నాయి, పై మెట్లు లేవు. పదో తరగతి దాకా ఉర్దూలో చదివిన పిల్లవాడు కాలేజీలో అడుగుపెట్టగానే ఒక్కసారిగా ఇంగ్లీషు మీద పడేవాడు. చాలామంది అక్కడే ఆగిపోయారు. మెకానిక్ షెడ్డుకో, గల్ఫుకో దారి పట్టారు. వాళ్ళకు తెలివి లేక కాదు, మధ్యలో మెట్టు లేక.

దీని నుంచి నేర్చుకోవలసిన పాఠం ఏమంటే, ఒకే రాజు దయ మీద, ఒకే భాష మీద ఆధారపడిన చదువు ఆ రాజుతోనే కుంగిపోతుంది. నాలుగు కాళ్ళ మీద నిలబడిన మంచానికి ఒక కాలు విరిగినా ఇటుక పెట్టి నెట్టుకురావచ్చు. ఒక్క స్తంభం మీద కట్టిన కప్పు మాత్రం ఆ స్తంభం పోతే నిలవదు.

ఇటు కర్నూలులో వేరొక ప్రయత్నం జరిగింది. అప్పటికి కర్నూలు మదరాసు రాష్ట్రంలో ఉన్నది. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి కృషితో అక్కడ ఉస్మానియా కళాశాల నెలకొన్నది. ఈయన వేరు, పైన చెప్పిన మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు వేరు. పేరు ఒకటే అయినందున చాలామంది పొరబడతారు. రాయలసీమలో కులమత భేదం లేకుండా ఎన్నో కుటుంబాలలో మొదటి పట్టభద్రులు ఆ కాలేజీ నుంచే వచ్చారు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్నూలులో నెలకొల్పిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆ మహనీయుని పేరే పెట్టారు.

యం.బి.ఏ. ఎక్కడ పుట్టింది, మన దగ్గరకు ఎట్లా వచ్చింది

వ్యాపారాన్ని విశ్వవిద్యాలయంలో నేర్పాలనే ఆలోచన అమెరికాలో బలపడింది. 1881లో ఫిలడెల్ఫియాలో వార్టన్ స్కూలు, 1900లో డార్ట్‌మత్‌లో టక్ స్కూలు ఏర్పడ్డాయి. 1908లో హార్వర్డు వారు యం.బి.ఏ. అనే పేరుతో చదువు మొదలుపెట్టారు. రైళ్ళు, ఉక్కు, నూనె కంపెనీలు ఎంత పెద్దవయ్యాయంటే, యజమాని ఒక్కడు గల్లాపెట్టె దగ్గర కూర్చొని చూసుకోలేని పరిస్థితి వచ్చింది. వేలమంది పనివాళ్ళు, వందల ఊళ్ళలో శాఖలు. అప్పుడు పుట్టింది ఈ చదువు. "మా తాతకు ఏ డిగ్రీ ఉంది" అనేవారికి జవాబు ఇందులోనే ఉన్నది. తాతగారి దుకాణం ఒకటే. మనవడికి పది దుకాణాలు కావాలి. ఒకదానికీ పదింటికీ మధ్య ఉన్న తేడాయే మేనేజిమెంటు.

మన దేశంలో 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కామర్సు కాలేజీ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1953లో కలకత్తాలో మేనేజిమెంటు సంస్థ ఏర్పడింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కూడా ఆ దశకంలోనే ఈ చదువు ప్రారంభించింది. మొదట్లో చాలా చోట్ల ఇది ఉద్యోగస్తులకు సాయంత్రం పూట చెప్పే చదువు. తెలుగువాళ్ళు గర్వించదగిన విషయం ఏమంటే, 1957లోనే వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యం.బి.ఏ. మొదలైంది. కలకత్తా, అహమదాబాదులలో ఐ.ఐ.యం.లు వచ్చింది 1961లో. అంటే మన విశ్వవిద్యాలయం వాటికంటే నాలుగేళ్ళు ముందున్నది. ఆ తర్వాత ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ మొదలైన విశ్వవిద్యాలయాలలో కూడా యం.బి.ఏ. వచ్చింది. 1982లో మన రాష్ట్రంలోనే దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇంట్లో ఉండి, ఉద్యోగం చేసుకుంటూ యం.బి.ఏ. చదివే వీలు దానివల్ల కలిగింది.

1991 తర్వాత ఆర్థిక విధానాలు మారాయి. బ్యాంకులు, ఇన్సూరెన్సు, టెలిఫోను, కంప్యూటరు కంపెనీలు పెరిగాయి. యం.బి.ఏ. కాలేజీలు కూడా వానాకాలపు పుట్టగొడుగుల్లాగా లేచాయి. వాటిలో మంచివి ఉన్నాయి, బోర్డు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. చాలా కాలేజీలు విద్యార్థులు చేరక తర్వాత మూతబడ్డాయి. ఈ సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

ఉర్దూకు మళ్ళీ ఒక విశ్వవిద్యాలయం

పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం 1998 జనవరి 9న హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. స్వతంత్ర భారతదేశపు మొదటి విద్యామంత్రి పేరు దానికి పెట్టారు. మొదట దూరవిద్యతో ప్రారంభమై తర్వాత గచ్చిబౌలి ఆవరణలో రెగ్యులరు తరగతులు వచ్చాయి. అక్కడ యం.బి.ఏ. కూడా ఉన్నది. ఉర్దూ చదివినట్టు రుజువు ఉన్న పట్టభద్రులు ప్రవేశానికి అర్హులు. మదరసాలలో చదివిన వారికి కూడా, గుర్తింపు ఉన్న సనదులుంటే, ఈ విశ్వవిద్యాలయంలో పై చదువుల దారి తెరుచుకున్నది. 1948 తర్వాత తీసివేసిన పై మెట్లు యాభై ఏళ్ళకు మళ్ళీ అమర్చారన్నమాట.

గచ్చిబౌలి మ్యాపు ఒకసారి చూడండి. 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం అక్కడే. ఉర్దూ విశ్వవిద్యాలయం అక్కడే. 2001లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కూడా అక్కడే. కొద్ది మైళ్ళ దూరంలో 1998లో కట్టిన సైబర్ టవర్స్, ఆ చుట్టూ ప్రపంచ కంపెనీల ఆఫీసులు. మన పాతబస్తీ నుంచి సిటీ బస్సులో పోవచ్చు. బస్సు చార్జీ దూరమే. కాని మనసులో ఆ దూరం ఎంతో ఎక్కువగా ఉన్నది.

తలుపులు తెరిచారు, లోపలికి వెళ్ళిందెవరు?

2005లో కేంద్ర ప్రభుత్వం జస్టిస్ రాజిందర్ సచార్ గారి అధ్యక్షతన కమిటీ వేసింది. 2006 నవంబరులో నివేదిక వచ్చింది. అప్పటికి 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లిములు 13.4 శాతం. పేరెన్నికగన్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కడు, పి.జి. చదివే 50 మందిలో ఒక్కడు మాత్రమే ముస్లిం అని ఆ నివేదిక తేల్చింది. ఐ.ఐ.యం.లలో 1.3 శాతం. ఈ అంకెలు మన సంఘం గోడ మీద రాసిపెట్టుకోవాలి. ఎవరినో తిట్టడానికి కాదు, మన పిల్లవాడిని దరఖాస్తు ఫారం నింపమని చెప్పడానికి.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకు, బి.సి. 'ఇ' గ్రూపు కింద, 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినా, సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. దీనివల్ల ఆటోడ్రైవర్ల ఇళ్ళలో, కూరగాయల బండి నడిపేవారి ఇళ్ళలో కూడా పి.జి. చదివిన పిల్లలు కనపడసాగారు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఫీజు సర్కారు కడుతుంది కదా అని, పంతుళ్ళు లేని కాలేజీలో పేరు రాయించుకొని, పరీక్షనాడు మాత్రమే వెళ్ళివచ్చిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చేతికి కాగితం వచ్చింది, విద్య రాలేదు. ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగివచ్చి, "యం.బి.ఏ. దండగ" అని ప్రచారం చేసేది ఎక్కువగా వీళ్ళే. పథకాల నియమాలు మారుతుంటాయి. ఏ కాలేజీకి వర్తిస్తుంది, ఏ పత్రాలు కావాలి అన్నది చేరకముందే విచారించుకోవాలి.

ఐసెట్ అంటే భయం దేనికి?

మన విశ్వవిద్యాలయాలలో, అనుబంధ కాలేజీలలో యం.బి.ఏ. సీటుకు ఐసెట్ రాయాలి. 2014 విభజన తర్వాత రెండు రాష్ట్రాలు వేరువేరుగా జరుపుతున్నాయి. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. విశ్లేషణా శక్తి, లెక్కలు, భాష, భావప్రకటన మీద ప్రశ్నలుంటాయి. తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు. లెక్కలు చాలావరకు మన పదో తరగతి పుస్తకంలోనివే: శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలము-పని. దుకాణంలో తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాడికి లాభనష్టాల లెక్క ఎవరు నేర్పాలి? ఆరు నెలలు రోజుకు రెండు గంటలు కూర్చుంటే మంచి ర్యాంకు అందని పండు కాదు.

చేరిన తర్వాత రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. లెక్కల నిర్వహణ, అర్థశాస్త్రం, మార్కెటింగు, పెట్టుబడుల నిర్వహణ, మనుషులతో పని చేయించే పద్ధతి, వ్యాపార చట్టాలు. మొదటి ఏడాది తర్వాత వేసవిలో ఏదైనా కంపెనీలోనో, బ్యాంకులోనో కొన్ని వారాలు పని చూసి రిపోర్టు రాయాలి. చాలామంది దీనిని ఎవరిదో చూసి రాసి ఇచ్చేస్తారు. తెలివైనవాడు అక్కడే ఉద్యోగం సంపాదించుకుంటాడు. నలుగురిలో నిలబడి మాట్లాడడం, పదిమందితో కలిసి ఒక సమస్య విప్పడం, అంకెలు చూసి నిర్ణయం చెప్పడం: ఈ మూడూ వస్తే రెండేళ్ళు సార్థకం అయినట్టే.

మన పిల్లలకు ఒక బలం ఉన్నది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సినిమాలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. నాలుగు భాషలు వాడి నోట ఆడుతుంటాయి. ఆదోని పత్తి మార్కెట్టులో రైతుతో తెలుగులో, వ్యాపారితో ఉర్దూలో, బ్యాంకు మేనేజరుతో ఇంగ్లీషులో మాట్లాడగలిగినవాడు ఏ కంపెనీకి చేదు? కొరత అంతా ఇంగ్లీషు దగ్గరే. ఉర్దూ మీడియం పంతులుగా చెబుతున్నాను, మా పిల్లలకు విషయం తెలుసు. మాట బయటికి రాదు. అది తెలివితేటల లోపం కాదు, అలవాటు లోపం. అలవాటు అయితే రోజూ చేస్తే వస్తుంది.

ఎంతవరకు వెళ్ళవచ్చు?

1923లో హైదరాబాదు బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ ఏర్పడింది. జాగీర్దార్ల కుమారులకు మాత్రమే ఉద్దేశించిన బడి. జాగీర్లు రద్దయిన తర్వాత 1951లో అది హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారి ఇతరులకు కూడా తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి వచ్చినవారిలో ముగ్గురిని చెబుతాను. సత్య నాదెళ్ల 1997లో చికాగో విశ్వవిద్యాలయంలో యం.బి.ఏ. పూర్తిచేసి 2014లో మైక్రోసాఫ్టు అధిపతి అయ్యారు. శంతను నారాయణ్ ఉస్మానియాలో ఇంజనీరింగు, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో యం.బి.ఏ. చదివి 2007లో అడోబి కంపెనీకి అధిపతి అయ్యారు. అజయ్ బంగా అహమదాబాదు ఐ.ఐ.యం.లో చదివి 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షులయ్యారు.

ఒకప్పుడు నవాబుల పిల్లలకే పరిమితమైన బడి తలుపు తెరిస్తే ఎవరు ఎంత దూరం వెళ్ళారో చూడండి. వీళ్ళు మన ఊరివాళ్ళు కారు, మన వర్గం వాళ్ళు కారు, మనకేమిటి అనుకోవద్దు. ఎవరికి తలుపు తెరుచుకున్నా, లోపలికి వెళ్ళినవాడికే ఫలితం. ఇది అందరికీ ఒకటే సూత్రం. అందరూ ప్రపంచ బ్యాంకుకు వెళ్ళనక్కరలేదు. మన వాడకట్టు కుర్రవాడు ఒక బ్యాంకు శాఖకు మేనేజరు అయితే, లాడ్ బజారు గాజులకో, ఏలూరు తివాచీలకో మధ్యదళారీ లేకుండా నేరుగా బయటిదేశం కొనుగోలుదారును వెతికిపెడితే, అది కూడా గొప్ప విజయమే.

ఆడపిల్లల విషయం

హైదరాబాదులో ఆడపిల్లల కోసం 1924లో మహిళా కళాశాల ఏర్పడింది. 1949లో అది కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి వచ్చింది. 2022లో విశ్వవిద్యాలయం అయ్యింది. ఒకప్పుడు రెసిడెంటు దొర దర్బారు చేసిన హాలులో మన ఆడపిల్లలు చదువుకొన్నారు. మన బడుల్లో చూస్తే పదో తరగతిలో మొదటి మార్కులు ఎక్కువగా ఆడపిల్లలవే. డిగ్రీ తర్వాత వాళ్ళ పుస్తకాలు అటకెక్కుతున్నాయి. "ఎక్కువ చదివితే సంబంధం దొరకదు" అంటారు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన హజ్రత్ ఖదీజా గారిని మరొకసారి తలచుకోమని ఆ తల్లిదండ్రులకు మనవి. దూరం పంపలేకపోతే సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, దూరవిద్య ఉన్నది. సాకులు తక్కువైపోయాయి.

మనం చేయవలసినవి

మాటలతో ముగిస్తే ఈ సంచిక కూడా అలమారలోకి పోతుంది. కనుక మన సొసైటీ పెద్దల ముందు నాలుగు చిన్న పనులు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి సంవత్సరం డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న పిల్లల పేర్లు మహల్లావారీగా రాయాలి. లెక్క తెలియకుండా పని జరగదు.

రెండు, సొసైటీ హాలులో సాయంత్రం ఇషా నమాజు తర్వాత ఒక గంట ఇంగ్లీషు మాట్లాడే తరగతి పెట్టాలి. దీనికి పెద్ద పంతులు అక్కరలేదు. మన ఊరిలోనే బ్యాంకులో, కాలేజీలో పనిచేసేవారు వారానికి ఒక్క రోజు ఇస్తే చాలు. ఐసెట్ పాత ప్రశ్నపత్రాలు అక్కడే ఉంచాలి.

మూడు, సీటు వచ్చినవాడికి పుస్తకాలకు, హాస్టలుకు ఖర్జె హసనా ఇవ్వాలి. ఉచితంగా ఇవ్వడం కంటే ఇది మంచిది. తీసుకున్నవాడు ఉద్యోగం వచ్చాక తిరిగి ఇస్తే, అదే డబ్బు ఇంకొకడి ఫీజు అవుతుంది. పత్రం మాత్రం తప్పక రాసుకోవాలి, పైన చెప్పిన ఆయత్ ప్రకారం.

నాలుగు, ఇప్పటికే యం.బి.ఏ. చేసి బయట స్థిరపడిన మన పిల్లలు సెలవుకు ఊరికి వచ్చినప్పుడు వాళ్ళను పిలిచి సన్మానం చేసి దండ వేసి పంపేస్తున్నాము. దండ తర్వాత వేద్దాం. ముందు ఒక గంట మన కుర్రవాళ్ళకు ఇంటర్వ్యూ ఎట్లా ఉంటుందో చేసి చూపించమని అడుగుదాం.

1917లో పెద్దలు పుస్తకమే లేని చోట విశ్వవిద్యాలయం కట్టారు. ఒక్కొక్క పదం కోసం గంటలు వాదించుకొని, ఒక్కొక్క పుస్తకం తర్జుమా చేసి, ఒక తరానికి దారి వేశారు. ఈనాడు మనకు పుస్తకాలున్నాయి, విశ్వవిద్యాలయాలున్నాయి, రిజర్వేషనున్నది. తక్కువైనది ఒక్కటే, ఫారం నింపే చెయ్యి. వచ్చే సంవత్సరం ఈ సంచికలో ఐసెట్ రాసిన మన విద్యార్థినీ విద్యార్థుల పేర్లు ఒక పేజీ నిండా అచ్చువేసే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.